విజయవాడలో చవక ఇల్లు పేటలోనే ఉంది

అడిగిన ప్రశ్న ఇది: చిట్టినగర్, కొత్తపేట, వించిపేట లాంటి పాత పేటల్లో అద్దెలు ఎక్కుతున్నాయి. రాజధాని పనులు, మెట్రో, ఔటర్ రింగు రోడ్డు పేరు చెప్పి స్థలాల ధరలు ఇంకా లేపుతున్నారు. ఉన్నవాళ్లను ఊరవతలికి పంపకుండా, పేట చెదరకుండా నగరం పేదలకు ఇళ్లు ఎలా సమకూర్చగలదు? కాలనీ సంఘంగా మేం కార్పొరేషన్‌ను ఏం అడగాలి?

కొత్త ఇళ్లు ఎన్ని కడతారన్న ప్రశ్నను కాస్త పక్కన పెట్టండి. ఇప్పటికే నిలబడి ఉన్న చిన్న ఇళ్లకు హక్కు పత్రం, మురుగు పోయే దారి, వరద నుంచీ కొండచరియల నుంచీ కాపు, పైన ఇంకో గది వేసుకునే వీలు అడగండి. ఈ నాలుగింటికీ అయ్యే ఖర్చు అదే కుటుంబానికి ఊరి బయట కొత్త ఇల్లు కట్టి రోడ్డు, నీళ్లు, కరెంటు తీసుకెళ్లే ఖర్చులో చిన్న భాగం. కానీ శిలాఫలకం వేయడానికి పనికిరాదు కాబట్టి ఎవరూ ముందుకు తోసుకురారు. అడగాల్సింది మీరే.

నగరపాలక సంస్థ విస్తీర్ణం 61.88 చదరపు కిలోమీటర్లు. అందులో ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, మాచవరం, గుణదల కొండలు, బందరు, ఏలూరు, రైవస్ కాలువలు, రైల్వే యార్డులు, ఏటి ఒడ్డు తీసేయాలి. 2011 జనగణన నాటికే జనం 10 లక్షలు దాటారు. అంటే చదరపు కిలోమీటరుకు 16 వేల పైచిలుకు. ప్రభుత్వం చేతిలో నగరం లోపల పెద్ద ఖాళీ స్థలం లేదు. అందుకే ఇరవై పాతికేళ్లుగా ఏ పథకం వచ్చినా ఇళ్లు రెండు చోట్లకే పోతున్నాయి: ఒకటి జక్కంపూడి లాంటి ఊరి చివర, రెండోది బుడమేరు వాగు పక్కన పల్లపు నేల. గుంటూరుదీ అదే కథ, అక్కడ అడవితక్కెళ్లపాడు వైపు పోయాయి.

ఇక చవక అద్దె ఇల్లు ఈ ఊళ్లో ఎవరిస్తున్నారో చూడండి. ప్రభుత్వం కాదు, బిల్డరు కాదు. 40 గజాల్లో డాబా వేసుకుని, కింద తానుండి, పైన ఒక గదీ వంటిల్లూ అద్దెకిచ్చే చిన్న యజమాని. కాళేశ్వరరావు మార్కెట్టు హమాలీ, ఆటోనగర్ లేతు పనివాడు, హోటల్లో గిన్నెలు కడిగే మనిషి ఉండేది ఆ గదుల్లోనే. ఆ యజమాని అమ్ముకుని పోతే ఒక ఇల్లు కాదు, రెండు మూడు అద్దె ఇళ్లు పోయినట్టు. పేటను కాపాడటం అంటే నా దృష్టిలో పాత పెంకుటిళ్ల అందం కాపాడటం కంటే ముందు ఈ ఏర్పాటును కాపాడటం.

కాబట్టి మొదటి కోరిక, పై అంతస్తుకు దారి. చిన్న స్థలాలకు పనికొచ్చే నమూనా ప్లాన్లు (30, 40, 60 గజాలకు విడివిడిగా) వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ దగ్గర సిద్ధంగా ఉంచమని అడగండి. లైసెన్స్‌డ్ సర్వేయరుకు ఇచ్చే ఫీజే చాలామందిని ప్లాను లేకుండా కట్టేలా చేస్తోంది. ప్లాను లేకపోతే బ్యాంకు అప్పు లేదు. అప్పు లేకపోతే మూడు రూపాయల వడ్డీ. ఆ వడ్డీ చివరికి అద్దెలోనే కలుస్తుంది.

పై అంతస్తు వేసేముందు ఇంటివారు చూసుకోవాల్సినవి ఇవి. గోడల మీద నిలిచిన ఇల్లయితే, 9 అంగుళాల ఇటుక గోడ, సిమెంటు మాలుతో కట్టింది, పగుళ్లు లేనిదైతే ఇంకో అంతస్తు మోయగలదేమో ఇంజినీరు చేత చూపించవచ్చు. నాలుగున్నర అంగుళాల గోడలైతే ఆ ఆలోచన మానుకోండి. పిల్లర్ల ఇల్లయినా పునాది ఎంత లోతుందో ఒక మూల తవ్వి చూడకుండా వేయకూడదు. గుంటూరు వైపు, విజయవాడ పల్లపు ప్రాంతాల్లో నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బుతుంది, ఎండకు చీలుతుంది. మెట్ల దగ్గర, తలుపు మూలల దగ్గర ఏటవాలు పగుళ్లు కనిపిస్తే నేల కదులుతోందని అర్థం. పైన బరువు పెడితే ఆ పగులు పెరుగుతుంది. కొత్తగా కట్టేవాళ్లు ఇలాంటి నేలలో అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున గుబ్బ ఉండే కాంక్రీటు పునాది స్తంభాలు) వేసుకోవాలి. కనీసం మూడున్నర మీటర్ల లోతు, 30 సెంటీమీటర్ల కాండం, కింద దానికి రెండున్నర రెట్లు వెడల్పున్న గుబ్బ, పైన ప్లింత్ బీము. మామూలు పునాది కంటే మొదట ఖర్చు ఎక్కువే. పదేళ్లకు పగుళ్లు పూడ్చుకునే ఖర్చు మాత్రం మిగులుతుంది.

అద్దెకిచ్చే గది 9.5 చదరపు మీటర్లకు తగ్గకూడదని, వెడల్పు 2.4 మీటర్లయినా ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. పేటల్లో ఇది తరచూ తప్పుతారు. ఇంకో చిన్న సంగతి చాలామంది పట్టించుకోరు. అద్దెవాళ్లకు విడి మీటరు పెట్టించండి. కరెంటు శ్లాబులు మెట్లు మెట్లుగా పెరుగుతాయి కాబట్టి ముగ్గురు ఒకే మీటరు మీద ఉంటే కలిసిన యూనిట్లలో చాలా భాగం పై శ్లాబుల్లో పడతాయి. యజమాని ఆ బిల్లును యూనిట్‌కు ఇంతని వాటాలు వేసి వసూలు చేస్తాడు. అద్దె పెరగకుండానే ఇల్లు ప్రియమవుతుంది.

రెండో కోరిక పట్టా. ఇక్కడే సంఘాలు ఎక్కువగా మోసపోతాయి. "పట్టాలిప్పిస్తాం" అనే మాట వినగానే సంతకాలు పెట్టకుండా, ముందు మీ వీధి ఏ నేల మీద ఉందో తేల్చుకోండి. సర్వే నంబరు తీసి, అది రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ల 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడండి. కొండ పోరంబోకా, ఇరిగేషన్ కట్టా, దేవాదాయ భూమా, రైల్వేదా, పూర్వం పేదలకు ప్రభుత్వ భూమి కేటాయిస్తూ ఇచ్చిన డి-పట్టానా? ఒకే వీధిలో ఎడమ వరస ఒకటి, కుడి వరస ఇంకొకటి కావచ్చు. అందుకే వీధి మొత్తానికి ఒకే అర్జీ రాస్తే వెనక్కి వస్తుంది. ఇంటింటికీ వేరు అర్జీ రాయాలి.

అభ్యంతరం లేని ప్రభుత్వ భూమిలో ఉన్న ఇళ్ల క్రమబద్ధీకరణకు 2025 జనవరిలో 30వ నంబరు జీవో వచ్చింది. 2019 అక్టోబరు 15 నాటికి ఇల్లు ఉండి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు 150 గజాల దాకా ఉచితం. పత్రం ఇంటి ఆడవారి పేరున ఇస్తారు. దరఖాస్తు గడువులు మారుతుంటాయి, సచివాలయంలో తాజా తేదీ కనుక్కోండి. 2019 అక్టోబరు 15కి ముందే అక్కడ ఉన్నట్టు రుజువు కావాలి: ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, నీటి బిల్లు, రిజిస్టరు కాగితం. వీటిలో పాతది ఏదుంటే అదే గట్టిది. ఆధార్ మీద చిరునామా ఒక్కటే చూపిస్తే చాలదు. పన్ను పుస్తకం అత్తగారి పేరున, కరెంటు మీటరు పాత యజమాని పేరున, రేషన్ కార్డు కోడలి పేరున ఉండటం మన పేటల్లో మామూలు. దరఖాస్తు పెట్టేముందే వారసత్వ ధ్రువపత్రం తీసుకుని పేర్లు కలపండి. ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఇక్కడే.

కాలువ కట్టల మీద, ఏటి లోపల, చెరువు గర్భంలో, మాస్టర్ ప్లాన్ రోడ్డులో ఉన్న ఇళ్లకు ఆ దారి లేదు. ఇది చేదు మాటే. అక్కడున్నవాళ్లు శ్లాబు వేయడానికి అప్పు చేయకండి. వాళ్ల తరఫున సంఘం అడగాల్సింది పట్టా కాదు, కట్ట మీది వరస మొత్తాన్ని ఒకే చోటికి, రెండు మూడు కిలోమీటర్ల లోపు మార్చమని. ఒక్కొక్కరికీ ఒక్కో మూల ఇల్లిస్తే చీటీల వాళ్లు, చంటిపిల్లల్ని చూసే పక్కింటివాళ్లు, అప్పు పెట్టే కిరాణా కొట్టు అన్నీ ఒక్కసారే పోతాయి. డబ్బు లెక్కలో కనిపించని సాయం అది.

ఉన్నచోటే బాగుచేయడం ఈ ఊరికి కొత్త కూడా కాదు. 1990ల్లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో విజయవాడలో మురికివాడల అభివృద్ధి ప్రాజెక్టు నడిచింది. సందులో సిమెంటు రోడ్డు, పక్కన కాలువ, వీధి దీపం, కుళాయి. ఇంటిని ముట్టుకోలేదు. ఇంటివాళ్లే తర్వాత మెల్లగా పాక తీసి రేకులు, రేకులు తీసి శ్లాబు వేసుకున్నారు. కదిలించరన్న నమ్మకం కలిగితే జనం సొంత డబ్బు పెడతారు.

కొండ మీది ఇళ్ల గురించి విడిగా చెప్పాలి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. ప్రతిసారీ వాన మీదికి తోసేస్తాం. నిజానికి వాన పడే నాలుగు నెలలే కాదు, ఏడాది పొడుగునా కొండను నానబెట్టేది మన ఇళ్ల వాడుక నీరు. పై వరసలో స్నానాల గది నీళ్లు, ఇంకుడు గుంట నీళ్లు కిందికి ఇంకి, రాయికీ మట్టికీ మధ్య పొరను జారుడు చేస్తాయి. కొండ వాలులో ఇంకుడు గుంట తవ్వడం మంచిపని కాదు, ప్రమాదం. మెట్ల దారికి ఒక పక్క సిమెంటు కాలువ, ఇంటి నీళ్లన్నీ పైపులో కిందికి తెచ్చి భూగర్భ డ్రైనేజీలో కలపడం, ఇదే అక్కడ మొదటి పని. రక్షణ గోడ రెండో పని.

రక్షణ గోడలో కాంట్రాక్టరు ఎక్కువగా ఎగ్గొట్టేది నీటి కన్నాలే. రాతి గోడ అడుగు వెడల్పు ఎత్తులో సగానికి తగ్గకూడదు. మీటరు, మీటరున్నరకు ఒకటి చొప్పున మూడు అంగుళాల పైపు కన్నాలు, ఒక వరస కింద ఇంకో వరస అడ్డదిడ్డంగా రావాలి. గోడ వెనక మట్టి కాదు, కంకర నింపాలి. కన్నాలు పెట్టి వెనక మట్టి పోస్తే నెలకే పూడుకుపోతాయి. నీరు గోడ వెనక నిలబడి గోడనే నెడుతుంది. మూడు మీటర్లు దాటిన గోడకు డిజైన్ కాగితం అడగండి. ఇక ఇల్లు వదిలి వెంటనే దిగాల్సిన గుర్తులు: నేల మీద వాలుకు అడ్డంగా కొత్త పగులు, నిన్నటిదాకా మూసుకున్న తలుపు ఇవాళ పట్టేయడం, కరెంటు స్తంభం ఒరగడం, కన్నాల్లోంచి తేట నీరు కాకుండా బురద రావడం. వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రి అక్కడ పడుకోకూడదు.

ఇక పల్లం. 2024 సెప్టెంబరు 1 నుంచి బుడమేరు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీలను ఎలా ముంచిందో ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. బుడమేరు మళ్లింపు కాలువకు మూడు గండ్లు పడ్డాయి. ఆ కాలనీల్లో కొన్ని పేదల కోసం ప్రభుత్వమే కట్టినవి. చవకగా దొరికిన నేల ఎందుకు చవకో ఎవరూ అడగలేదు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినా కృష్ణా ఒడ్డునున్న కృష్ణలంకను రిటైనింగ్ వాల్ కాచింది. ఒక పక్క గోడ కట్టి పేటను నిలబెట్టాం, ఇంకో పక్క పేటను తీసుకెళ్లి నీళ్ల దారిలో పెట్టాం.

అలాంటి చోట ఇప్పుడున్నవాళ్లకు చేయగలిగినవి ఉన్నాయి. వీధి కాలువ బుడమేరులోనో పెద్ద డ్రెయిన్లోనో కలిసే చోట ఒకవైపే తెరుచుకునే తలుపు ఉండాలి. లేకపోతే బయటి నీరు కాలువలోంచే వీధిలోకి ఎక్కుతుంది. ఇంట్లో భూగర్భ డ్రైనేజీ ఛాంబరులో నాన్ రిటర్న్ వాల్వు పెట్టించుకుంటే మరుగుదొడ్డి గుండా మురుగు పైకి తన్నదు. మీటరు బోర్డు 2024 నీటి గుర్తుకు పైన ఉండాలి. కొత్తగా కట్టే అపార్ట్‌మెంట్లలో కింది అంతస్తు ఇళ్లుగా ఇవ్వకుండా స్తంభాల మీద ఖాళీగా వదిలేయమని అడగండి.

దీనికి అనుబంధంగా ఒక వీధి సమస్య ఉంది. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే వేస్తారు, ఒక్కోసారి నాలుగు నుంచి ఆరు అంగుళాలు లేస్తుంది. మూడు రోడ్లు పడేసరికి ఇల్లు గుంటలో ఉంటుంది. వానకు వీధి నీళ్లు గడప దాటతాయి. అప్పుడు ఇంటివాడు నేల మెరక చేస్తాడు, శ్లాబు తలకు తగులుతుంది, చివరికి ఇల్లు కూల్చడమో అమ్మడమో. ఎస్టిమేటులో "పాత రోడ్డు తవ్వి తీయడం" అనే పద్దు ఉందో లేదో పని మొదలవక ముందే చూడండి. లేకపోతే పని ఆపించండి. మా పేటను కాపాడండి అని పది అర్జీలు పెట్టడం కంటే ఈ ఒక్క పద్దు పట్టుకోవడం మేలు.

కొత్త ఇళ్లు అక్కర్లేదని నా ఉద్దేశం కాదు. కానీ ఎక్కడ అన్నదే ఇల్లు చవకో కాదో తేలుస్తుంది. టిడ్కో ఇళ్లు (పట్టణ పేదలకు ప్రభుత్వ సంస్థ కట్టే ఫ్లాట్లు) 300, 365, 430 చదరపు అడుగులవి. 365 అడుగుల ఇంటికి బ్యాంకు అప్పు 3.15 లక్షలు, 430 అడుగుల ఇంటికి 3.65 లక్షలు. 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే 3.15 లక్షలకు నెల వాయిదా సుమారు 2,800 రూపాయలు. ఇంట్లో ఇద్దరు పనికి నగరంలోకి వస్తూ మనిషికి రోజుకు 60 రూపాయలు ప్రయాణానికి పెడితే, నెలకు 25 రోజులకు 3,000. అంటే వాయిదా కంటే దారి ఖర్చే ఎక్కువ. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కావడంతో ఇందులో కొంత తగ్గింది, బస్సు ఉన్న వేళల్లో. తెల్లవారుజామున నాలుగింటికి మార్కెట్లో దిగాల్సిన హమాలీకి బస్సు లేదు. అందుకే ఊరి చివర ఇల్లు దక్కినవాళ్లలో కొందరు దాన్ని అద్దెకిచ్చి తిరిగి పేటలోనే అద్దెకుంటారు. వాళ్లను తప్పు పట్టే అధికారులు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే బాగుండు.

టిడ్కో ఇళ్లలో చేరేవాళ్లకు రెండు హెచ్చరికలు. అవి షియర్ వాల్ కట్టడాలు, అంటే గోడే పిల్లరు. కిటికీ పెద్దది చేయడానికో, పైపు దాచడానికో గోడ కోస్తే పై మూడు అంతస్తుల బరువు మోసే భాగాన్ని కోసినట్టే. వైర్లు, పైపులు బయటి నుంచే వేసుకోండి. కాంక్రీటు గోడ ఎండకు కాగుతుంది కాబట్టి డాబా పైన ఏటా సున్నం పూయించుకోండి. రెండోది నిర్వహణ. మోటారు కాలడం, మెట్ల మీద దీపం, సెప్టిక్ ట్యాంకు, తొట్టి కడగడం ఎవరి పని? 32 ఇళ్ల బ్లాకు అనుకుంటే ఇంటికి 200 చొప్పున నెలకు 6,400 వస్తుంది. మోటారుకూ కరెంటుకూ సరిపోతుంది, పెద్ద మరమ్మతుకు సరిపోదు. అందులో నాలుగో వంతు ముట్టుకోకుండా విడి ఖాతాలో వేయండి. సంఘాన్ని రిజిస్టరు చేయకపోతే బ్యాంకు ఖాతా రాదు, ఖాతా లేకపోతే రెండో ఏడాదే డబ్బు గొడవ వస్తుంది.

అమరావతిలో ఆర్-5 జోన్ (రాజధాని ప్రాంతంలో పేదల ఇళ్లకని కేటాయించిన భాగం) సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. 2023లో ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల పేదలు 50 వేల మందికి పైగానే ఉంటారు, వాళ్లకు అక్కడ స్థలాలిచ్చారు. ఆగస్టులో హైకోర్టు ఇళ్ల నిర్మాణం ఆపింది. వివాదంలో ఎవరిది న్యాయమన్నది వేరు. పట్టా చేతికొచ్చినంత మాత్రాన ఇల్లు వచ్చినట్టు కాదు. స్థలం మీద కేసులున్నాయా, ప్రణాళికలో అది నివాస ప్రాంతమేనా అని లబ్ధిదారు ముందే అడగాలి.

సొంత స్థలం ఉన్నవాళ్లకు ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో కేంద్రం 1.5 లక్షలు, రాష్ట్రం లక్ష, మొత్తం 2.5 లక్షలు ఇస్తున్నాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపు ఉండాలి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు, గత 20 ఏళ్లలో ప్రభుత్వ ఇల్లు పొంది ఉండకూడదు. భార్య, భర్త, పెళ్లి కాని పిల్లలు కలిసి ఒక కుటుంబం. పెళ్లయిన కొడుకు విడిగా అడగవచ్చు. ఇల్లు 30 నుంచి 45 చదరపు మీటర్లు. 30 మీటర్లంటే 323 అడుగులు. అడుగుకు 1,800 వేసినా 5.8 లక్షలు. సాయం పోగా 3.3 లక్షలు సొంతంగా తేవాలి. డబ్బు బేస్‌మెంటు, రూఫ్ లెవెల్, శ్లాబు, పూర్తి అనే దశల్లో ఫొటో తీశాక పడుతుంది. అంటే ప్రతి దశకూ ముందు మీ డబ్బు పెట్టి, తర్వాత తీసుకోవాలి. ఎక్కువ ఇళ్లు గోడలు లేచాక, శ్లాబుకు ముందు ఆగేది ఇందుకే. స్టీలు, సిమెంటు ఒకేసారి కావాల్సిన దశ అది. డ్వాక్రా అప్పు తీసుకునే ఉద్దేశం ఉంటే బేస్‌మెంటుకు వాడకుండా శ్లాబు కోసం దాచుకోండి. పేట స్థలం 40 గజాలంటే 360 అడుగులు. గోడలు, మెట్లు పోతే కింద 30 మీటర్లు రాదు. కిందా పైనా కలిపి చూపించే ప్లాను గీయించుకోవాలి.

పేటను నిజంగా చెరిపేసేది రోడ్డు విస్తరణ. 20 అడుగుల సందును 40 చేస్తామన్నప్పుడు పెద్ద స్థలంవాడు ముందు వరండా పోగొట్టుకుంటాడు, 30 గజాలవాడు ఇల్లే పోగొట్టుకుంటాడు. పరిహారంగా డబ్బు కాకుండా టీడీఆర్ బాండు ఇస్తామంటారు. బాండు అంటే పోయిన గజాలకు బదులు ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కు. 30 గజాలవాడు ఎక్కడ కడతాడు? బిల్డరుకు అమ్ముకోవాలి. విడివిడిగా వెళితే అడిగిన రేటుకు ఇచ్చి రావాల్సిందే. 20 ఇళ్లవాళ్లు కలిసి ఒకేసారి అమ్మితే బేరం ఉంటుంది. బాండు చేతికి రాకముందు గోడ కూల్చడానికి ఒప్పుకోకండి. మిగిలే ముక్క ఇల్లు కట్టడానికి చాలనంత చిన్నదైతే మొత్తం తీసుకోమని లిఖితపూర్వకంగా అడగండి.

స్వచ్ఛందంగా బాండుకు సంతకం పెట్టడానికి ముందు 2013 భూసేకరణ చట్టం కింద ఏం వస్తుందో లెక్కించుకోండి. ఆ చట్టం ప్రకారం సేకరిస్తే విలువ మీద 100 శాతం సొలేషియం (అదనపు పరిహారం) ఉంటుంది. పట్టణాల్లో మూడేళ్లు అక్కడే నివసిస్తున్న కుటుంబం సొంత భూమి లేకపోయినా బాధిత కుటుంబమే. ఇల్లు పోతే 50 చదరపు మీటర్లకు తగ్గని ఇల్లు, వద్దనుకుంటే కనీసం 1.5 లక్షలు. అద్దెవాళ్లు తమకేం రాదని ముందే మూటా ముల్లె సర్దుకుని వెళ్లిపోతారు. అద్దె ఒప్పందం లేకపోయినా గ్యాస్ బుక్కు, స్కూలు సర్టిఫికెట్టు, ఓటరు కార్డు దాచుకోవాలి. సర్వే వాళ్లు వచ్చిన రోజు ఇంట్లో మనిషి ఉండాలి. జాబితాలో పేరు పడకపోతే తర్వాత ఎక్కించడం నెలల పని.

వన్‌టౌన్‌లో ఇంకో తీరు నష్టం ఉంది. అక్కడ పాత ఇళ్లకు ఉమ్మడి గోడలు. రెండు స్థలాలు కలిపి కొని సెల్లార్ తవ్వితే పక్క ఇల్లు చీలుతుంది. పక్కన పని మొదలవక ముందే మీ ఇంటి పగుళ్లను తేదీ కనిపించేలా ఫొటోలు తీసి, టౌన్ ప్లానింగ్ విభాగానికి ఫిర్యాదు కాకుండా "సమాచారం"గా ఇచ్చి రసీదు తీసుకోండి. తర్వాత పగులు పెరిగితే అది పాతదని ఎవరూ అనలేరు.

ఇంటి పన్ను విషయంలో 375 చదరపు అడుగుల లోపు సొంతంగా ఉండే ఇంటికి ఏడాదికి 50 రూపాయలే. మీ వీధిలో ఎంతమందికి అది వర్తించాలి, ఎంతమందికి ఎక్కువ వేస్తున్నారో చూడండి. కొలతల్లో మెట్లు, అరుగులు కలిపి 375 దాటించిన ఇళ్లు ఉంటే తిరిగి కొలిపించండి.

కాస్త ఆదాయం ఉన్నవాళ్ల సంగతి త్వరగా చెప్తాను. అదే ఆవాస్ యోజన 2.0లో ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం, 35 లక్షల లోపు ఇల్లు, 25 లక్షల లోపు అప్పు అయితే మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ ఉంది. గరిష్ఠంగా 1.80 లక్షలు, అయిదు వార్షిక వాయిదాల్లో. కట్టుబడిలో ఉన్న ఫ్లాటు 45 లక్షల లోపు, 90 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా లోపు ఉంటే జీఎస్టీ 1 శాతమే, 5 కాదు. 500 చదరపు మీటర్ల స్థలం గానీ 8 ఫ్లాట్లు గానీ దాటిన ప్రాజెక్టుకు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు లేకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.

ఇక కార్పొరేషన్‌కు ఎలా వెళ్లాలంటే, కోరికల చిట్టాతో కాదు, వీధి పట్టికతో వెళ్లండి. ఒక్కో ఇంటికి ఒక్కో వరస: ఎన్ని గజాలు, ఏ సర్వే నంబరు, ఏ కాగితం ఉంది, సొంతమా అద్దెనా, అద్దె ఎంత, ఎన్ని మెట్లు ఎక్కాలి, 2024లో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి, మురుగు ఎటు పోతోంది. రెండొందల ఇళ్లకు నలుగురు కుర్రాళ్లు రెండు ఆదివారాలు తిరిగితే అయిపోతుంది. దాన్ని బడ్జెట్ సమావేశానికి ముందే, అంటే జనవరి లోపు, కార్పొరేటరుకూ ప్లానింగ్ సెక్రటరీకీ ఒకేసారి ఇవ్వండి. ఫిబ్రవరి తర్వాత ఇచ్చిన కాగితం వచ్చే ఏడాదికే. పట్టిక కాపీ ఒకటి సంఘం దగ్గర ఉంచుకోండి. అద్దె అంకెలు మాత్రం ఆరు నెలలకోసారి తిరిగి రాయాలి. ఏ సందులో అద్దె ఉన్నట్టుండి లేస్తుందో, అక్కడ స్థలాలు ఎవరు కొంటున్నారో ముందు తెలిసేది ఆ గళ్లలోనే.